మాట ముందు, మోత తరువాత

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో సాధారణంగా కరువు భత్యం బకాయిలు, కమ్యుటేషన్, లైఫ్ సర్టిఫికెట్టు, వైద్య ఖర్చుల బిల్లులు – ఇవే మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను హోమ్ థియేటరు గురించి మాట్లాడమన్నారని తెలిసి కొందరు మిత్రులు నవ్వారు. ఈ వయసులో మనకు హోమ్ థియేటరు దేనికి, అది పిల్లల ముచ్చట కదా అని వారి భావం. అయితే నేను చెప్పబోయేది ఇల్లు అదిరిపోయే సౌండు గురించి కాదు. మనకు మాట అర్థం కావడం గురించి.

చాలామంది పెన్షనర్ల ఇళ్లల్లో రాత్రి ఏడెనిమిది గంటలకు జరిగేది ఒకటే. పెద్దాయన రిమోటు అందుకుని టీవీ సౌండు 20 నుంచి 45కు పెంచుతాడు. పక్క గదిలో చదువుకునే మనుమరాలు తలుపు వేసుకుంటుంది. కోడలు పైకి ఏమీ అనదు గాని వంటింట్లో గిన్నెల చప్పుడు పెరుగుతుంది. కొడుకు వచ్చి సౌండు తగ్గిస్తాడు. ఇక పెద్దాయనకు బొమ్మ కనబడుతుంది, మాట తెలియదు. అందరూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో తెలియదు. ఒకసారి అడుగుతాడు, రెండోసారి అడగడానికి మొహమాటం. పది నిమిషాలు చూసి, నిద్ర వస్తున్నదని చెప్పి లేచి వెళ్తాడు. కొన్నాళ్లకు హాలులోకి రావడమే మానేస్తాడు. దీన్ని నేను చిన్న విషయం అనుకోను. ఒకే ఇంట్లో ఉండి ఒంటరి కావడం ఇలాగే మొదలవుతుంది.

ముందు దీనికి కారణం తెలుసుకుందాం. వయసు పైబడినకొద్దీ మన చెవికి మొదట తగ్గేది సన్నని శబ్దాలు, అంటే ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్నవి. అచ్చులు లావు శబ్దాలు, వాటికి బలం ఎక్కువ. క, ప, త, స, శ వంటి హల్లులను గుర్తుపట్టించే భాగం చాలావరకు 2,000 నుంచి 4,000 హెర్ట్‌జ్ మధ్య, ఆపైన ఉంటుంది, బలం తక్కువ. పప్పు, కప్పు, తప్పు – ఈ మూడు మాటల్లో తేడా మొదటి హల్లులోనే ఉంది. అది చెవికి అందకపోతే మూడూ ఒకటే. అందుకే మనవాళ్లు "వినబడుతున్నది కాని అర్థం కావడం లేదు" అంటారు. అది అక్షరాలా నిజం. సౌండు పెంచితే అచ్చులూ, సంగీతమూ, లారీల మోతా అన్నీ కలిసి పెరుగుతాయి. మాట అలాగే మునిగి ఉంటుంది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నాలుగో వంతుకు పైగా, జీవితానికి అడ్డు వచ్చేంత వినికిడి లోపం ఉన్నవారే. కాబట్టి నా మొదటి సలహా దుకాణానికి వెళ్లమని కాదు, చెవి డాక్టరు దగ్గరకు వెళ్లమని. కొందరికి గులిమి గట్టిపడి ఉంటుంది. అది తీస్తే సగం బాధ తీరుతుంది. దాన్ని పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో మనం తీయకూడదు. తరువాత ఆడియోగ్రామ్ అనే పరీక్ష చేస్తారు. ఏ శబ్దం ఎంత తగ్గిందో కాగితం మీద గీత గీసి ఇస్తారు. వినికిడి యంత్రం అవసరమైతే అది ముందు, స్పీకర్లు తరువాత. ఈ వరుస తప్పవద్దు.

ఇక రెండో కారణం టీవీలోనే ఉన్నది. మన హైదరాబాదులో ఈసీఐఎల్ వారు ఈసీ టీవీలు తయారుచేసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆనాటి చెక్కపెట్టె టీవీల్లో చాలావాటికి స్పీకరు బొమ్మ పక్కనే, మన ముఖానికి ఎదురుగా ఉండేది. 1987-88లో ఆదివారం పొద్దున రామాయణం సీరియలుకు వాకిట్లో నిలబడ్డవారికి కూడా మాట తెలిసేది. ఇప్పటి టీవీ పలక లాగా సన్నబడింది. ముందు వైపు స్పీకరుకు చోటు లేదు. అందుకని చాలా టీవీల్లో స్పీకర్లు కింది వైపుకో వెనక వైపుకో తిరిగి ఉంటాయి. మాట గోడకు తగిలి, టేబులుకు తగిలి మన దగ్గరకు వస్తుంది. వేలకు వేలు పోసి కొన్న టీవీ మనకు వీపు చూపించి మాట్లాడుతున్నదన్నమాట.

దీనికి మందు ఏమిటి? దుకాణంలో అడిగితే హోమ్ థియేటరు అంటారు. ముందు మూడు, వెనక రెండు, లావు శబ్దానికి సబ్‌ఊఫరు ఒకటి, దీన్నే 5.1 అంటారు. పైకప్పుకు మరో రెండో నాలుగో పెట్టమని కూడా చెప్తారు. నేను చెప్పేది ఏమంటే, మనకు ముందు వరుస చాలు. ఎడమ, కుడి, మధ్య – మూడు స్పీకర్లు, వాటిని నడిపించే రిసీవరు ఒకటి. వెనకవి వద్దు.

ఎందుకు వద్దంటే మూడు కారణాలు. మొదటిది, సినిమాలో మాట దాదాపు అంతా మధ్య స్పీకరు నుంచే వస్తుంది. వెనక స్పీకర్ల పని వాన చప్పుడు, జనం గోల, విమానం మోత. రెండోది, మన ఇళ్లల్లో సోఫా గోడకు ఆనించి ఉంటుంది. వెనక స్పీకరు పెట్టాలంటే అది సరిగ్గా చెవి పక్కకు వస్తుంది, అప్పుడు మాట ఇంకా మునిగిపోతుంది. వైరు నడిచే దారిలో పడుతుంది. రాత్రిపూట బాత్‌రూముకు లేచినవారి కాలికి తగిలి పడిపోతే తుంటి ఎముకకు అయ్యే ఖర్చు ముందు స్పీకరు ఖర్చు ఎంత? మూడోది, మనం ఎక్కువగా చూసేది పాత సినిమాలు. 1957 నాటి మాయాబజార్ ఒకే ట్రాకు సినిమా. 2010లో రంగులు వేసి విడుదల చేసినప్పుడు సౌండును కొత్తగా విడదీశారు గాని, అసలు ప్రతిలో ఉన్నది ఒక్క ట్రాకే. దాన్ని మంచి మధ్య స్పీకరు ఒక్కటే చక్కగా వినిపిస్తుంది.

ముందు వరుస చాలనడం పేదవాడి సర్దుబాటు అనుకోకండి. 1933లో అమెరికాలో బెల్ ప్రయోగశాల ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయించిన వాద్యబృందం సంగీతాన్ని టెలిఫోను తీగల మీద వాషింగ్టన్‌కు పంపి ఒక పెద్ద హాలులో వినిపించారు. వారు వాడినవి మూడు మైకులు, అక్కడ వేదిక మీద మూడు స్పీకర్లు. ఎడమ, మధ్య, కుడి. అంతే. సినిమా హాళ్లలో కూడా మాట వచ్చేది తెర వెనక నుంచే. అందుకే తెరకు సన్నని చిల్లులు ఉంటాయి. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా సింహాసనం 1986లో ఆరు ట్రాకుల స్టీరియోతో వచ్చింది. అప్పుడు కూడా పాత్ర మాట్లాడితే మాట తెర మీది నుంచి రావాలనే నియమం మారలేదు.

ఇక్కడ మిత్రులు ఒక ప్రశ్న అడగవచ్చు. రెండు స్పీకర్లు చాలవా, మూడోది ఎందుకు అని. సరిగ్గా మధ్యలో కూర్చునేవారికి రెండు చాలును. రెండు స్పీకర్ల నుంచి ఒకే మాట ఒకే సమయంలో వస్తే అది నడుమ నుంచి వస్తున్నట్టు తోస్తుంది. పక్కకు జరిగితే ఆ భ్రమ చెదిరిపోయి దగ్గరి స్పీకరు వైపుకే పోతుంది. మరి మన ఇళ్లల్లో నడుమ ఎవరు కూర్చుంటారు? పిల్లలు, అల్లుడు, చుట్టాలు. పెద్దాయన కుర్చీ ఎప్పుడూ వారగా, తలుపు పక్కన ఉంటుంది. ఆ కుర్చీకి కూడా మాట బొమ్మ దగ్గర నుంచే రావాలంటే మధ్య స్పీకరు నిజంగా ఉండాలి. దంపతులు ఇద్దరే ఉండే ఇల్లైతే, కుర్చీలు నడుమ వేసుకునే వీలుంటే, రెండు మంచి స్పీకర్లతో సరిపెట్టుకోవచ్చు. డబ్బు మిగులుతుంది.

ఇప్పుడు రిసీవరు ఎంపిక. మనమంతా ఆఫీసుల్లో కొటేషన్లు తెప్పించి కంపారిటివ్ స్టేట్‌మెంటు వేసినవాళ్లమే. ఇక్కడా అదే పద్ధతి. సోనీ, యమహా, డెనాన్, ఆంక్యో వంటి ఏ కంపెనీదైనా సరే, మూడు మోడళ్లు రాసుకుని ఈ గళ్లు నింపండి.

మొదటి గడి: హెచ్.డి.ఎం.ఐ. ఏ.ఆర్.సి. ఉందా? 2009 నుంచి వచ్చిన ఏర్పాటు ఇది. టీవీ సౌండు అదే తీగ మీద వెనక్కి రిసీవరుకు వస్తుంది. ఒకే తీగ, ఒకే రిమోటు. టీవీ రిమోటుతోనే సౌండు పెంచి తగ్గించుకోవచ్చు. మూడు రిమోట్లు చేతికిస్తే మనం ఏదీ ముట్టుకోము. మీ టీవీ వెనక కూడా ఏ.ఆర్.సి. అని రాసిన రంధ్రం ఉందో లేదో ముందే చూడండి. లేకపోతే ఆప్టికల్ తీగ పెట్టుకోవాలి, అప్పుడు రిసీవరుకు కూడా ఆ రంధ్రం ఉండాలి.

రెండో గడి: మధ్య స్పీకరు సౌండు ఒక్కదాన్నే విడిగా పెంచుకోవచ్చా, ఆ మెనూ సులభంగా దొరుకుతుందా? మనకు ఇదే ప్రాణం. మధ్యది రెండు మూడు డెసిబెళ్లు పెంచితే మాట పైకి తేలుతుంది, సంగీతం అలాగే ఉంటుంది.

మూడో గడి: నైట్ మోడ్ లేదా డైనమిక్ రేంజ్ తగ్గించే ఏర్పాటు. ఇది గుసగుసను పైకి తెస్తుంది, బాంబు మోతను కిందికి దించుతుంది. రాత్రిపూట రిమోటు పట్టుకుని కాపలా కాయనక్కరలేదు.

నాలుగో గడి: వాట్లు. దీని గురించి నాలుగు మాటలు చెప్పాలి. 1990లలో డబ్బా మీద వెయ్యి వాట్లు, రెండు వేల వాట్లు పీ.ఎం.పీ.ఓ. అని రాసేవారు. ఆ అంకెకు అర్థం లేదు. ఆర్.ఎం.ఎస్. వాట్లు ఎన్ని, ఎన్ని స్పీకర్లు నడుస్తుండగా కొలిచారు అని అడగండి. ఎనిమిది తొమ్మిది అడుగుల దూరంలో కూర్చుని మామూలు మాట వినడానికి ఒక వాటు కూడా ఖర్చు కాదు. 50 వాట్ల బదులు 100 వాట్లు పెట్టినా పెరిగేది మూడు డెసిబెళ్లే. సౌండు రెండింతలైనట్టు చెవికి తోచాలంటే పదింతలు వాట్లు కావాలి. కాబట్టి మామూలు 5.1 రిసీవరు, అన్నిటికన్నా చిన్న మోడలైనా, మన మూడు స్పీకర్లకు ధారాళంగా సరిపోతుంది. రెండు గదులు వాడక ఖాళీగా ఉంటాయి, అంతే. దానివల్ల నష్టం లేదు.

ఐదో గడి: సర్వీసు సెంటరు ఎక్కడ? సంగారెడ్డిలోనా, హైదరాబాదులోనా, బీదరులోనా? గ్యారంటీ కార్డు మీద దుకాణం ముద్ర, తేదీ పడ్డాయా? బిల్లు లేకుండా తక్కువకు ఇస్తామంటే ఒప్పుకోవద్దు. ఆడిట్ అభ్యంతరం మన ఇంట్లో కూడా వస్తుంది.

ఇక స్పీకర్లు. మూడూ ఒకే కంపెనీ, ఒకే వరుసవి తీసుకోండి. లేకపోతే ఒకే మనిషి గొంతు ఎడమ నుంచి నడుమకు వచ్చేసరికి మారిపోతుంది. కాగితం మీద సెన్సిటివిటీ అనే అంకె ఉంటుంది. 85 ఉన్నదానికన్నా 88 ఉన్నది సగం వాట్లతోనే అంతే సౌండు ఇస్తుంది. 6 లేదా 8 ఓమ్‌లు అని ఉంటే నిశ్చింత. 4 ఓమ్‌లైతే రిసీవరు పుస్తకంలో అనుమతి ఉందేమో చూడాలి. బల్ల మీద పెట్టే చిన్న స్పీకర్లు చాలు, నిలువెత్తువి అక్కరలేదు. సబ్‌ఊఫరు ఇప్పుడు వద్దు. పక్కింటివారికి దడ, మన మాటకు అడ్డు. కావాలంటే తరువాత చేర్చుకోవచ్చు. పది రూపాయలున్నాయనుకుంటే ఐదు స్పీకర్లకు, నాలుగు రిసీవరుకు, ఒకటి తీగలకు, స్టాండ్లకు – ఇది నా పంపకం.

దుకాణంలో పరీక్ష ఎలా చేయాలి? అక్కడ ఎప్పుడూ కార్లు పేలే సినిమానే వేస్తారు. చేతులు కట్టుకుని వినవద్దు. తెలుగు వార్తలు పెట్టమనండి. వార్తలు చదివేవారి ముఖం చూడకుండా తల పక్కకు తిప్పుకుని వినండి. పెదవులు చూస్తే మనకు తెలియకుండానే కళ్లు సాయం చేస్తాయి. తరువాత ఒక పాత సినిమాలో ఆడ గొంతు, పిల్లల గొంతు వినండి. తరువాత పక్కకు జరిగి, మీ ఇంటి కుర్చీ ఉండే చోట నిలబడినట్టు నిలబడి వినండి. మన ప్రాంతంలో తెలుగు, ఉర్దూ, కన్నడం మూడూ చెవిన పడతాయి గనుక, ఇంట్లో ఏ భాష కార్యక్రమాలు చూస్తారో అవి వేయించండి. పరాయి భాష మాట అందడానికి హల్లులు ఇంకా స్పష్టంగా ఉండాలి. శ్రీమతిని కూడా తీసుకుపోండి. ఇద్దరి చెవులూ ఒకటి కావు.

ఇంటికి తెచ్చాక అమరిక. మన జహీరాబాదు ఇళ్లల్లో నేల మీద శాబాదు బండలు, నాలుగు గోడలకు నున్నని రంగు, పైన స్లాబు. శబ్దం ఎక్కడా ఇంకదు, తిరిగి తిరిగి వస్తుంది. బిజాపూరు గోల్ గుంబజ్‌లో ఒక్క కేక వేస్తే అది మళ్లీ మళ్లీ వినబడడం చాలామంది చూసే ఉంటారు. అక్కడ అది వింత, ఇంట్లో అది జబ్బు. ఒక మాట తోక ఇంకో మాట తల మీద పడుతుంది. దీనికి ఖర్చు లేని వైద్యం ఉంది. స్పీకర్లకూ కుర్చీలకూ నడుమ మందపాటి జంపఖానా పరచండి, అంచు కాలికి తగలకుండా సోఫా కింద నొక్కి పెట్టండి. కిటికీలకు దళసరి తెరలు వేయండి. పుస్తకాల బీరువా తలుపులు తీసి ఉంచినా మేలే. ఇంత చేస్తే అదే స్పీకరు కొత్తదానిలా మాట్లాడుతుంది.

మధ్య స్పీకరు టీవీకి సరిగ్గా కింద, బల్ల అంచుకు ముందుగా రావాలి. లోపలికి తోస్తే బల్లే మోగుతుంది. బల్ల పొట్టిదైతే స్పీకరు ముందు అంచు కింద చిన్న చెక్కముక్క పెట్టి, ముఖం మన చెవుల వైపుకు ఎత్తండి. ఎడమ కుడి స్పీకర్లు కూర్చున్నవారి చెవి ఎత్తులో, గోడ మూలలకు దూరంగా ఉండాలి. మీరు ఎనిమిది అడుగుల దూరంలో కూర్చుంటే ఆ రెండింటి నడుమ ఏడెనిమిది అడుగులు ఉంచండి. మామూలు రాగి తీగ చాలు. ఎర్రది ఎర్రదానికి, నల్లది నల్లదానికి. ఒకటి తారుమారైనా మాట నడుమ నిలవదు, బోలుగా వస్తుంది.

తరువాత రిసీవరు మెనూలో వెనక స్పీకర్లు, సబ్‌ఊఫరు "లేవు" అని నమోదు చేయాలి. ఇది మరువకండి. నమోదు చేస్తే వెనక వచ్చే శబ్దాన్ని రిసీవరు ముందు వాటికి పంచుతుంది. చేయకపోతే లేని స్పీకర్లకు పంపి పారేస్తుంది. కొన్నిటికి కొలిచే మైకు ఇస్తారు. దాన్ని మీరు కూర్చునే చోట చెవి ఎత్తులో పెట్టి, ఫ్యాను ఆపి, మాట్లాడకుండా కొలవండి. ఇక టీవీ మెనూలో, సౌండు బయటి స్పీకర్లకు వెళ్లాలని మార్చండి. వార్తలు, సీరియళ్లు రెండు ట్రాకులతో వస్తాయి. డాల్బీ సరౌండ్ వంటి మోడ్ పెడితే రెండింటిలో సమానంగా ఉన్న మాటను రిసీవరు తీసి మధ్య స్పీకరుకు పంపుతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఎర్తు సరిగా ఉన్న మూడు పిన్నుల సాకెట్టులోనే పెట్టండి. మెరుపులు వచ్చేటప్పుడు ప్లగ్గు తీయండి, కేబులు తీగ కూడా తీయండి. రిసీవరు వేడెక్కుతుంది, పైన గుడ్డ కప్పవద్దు, ఫొటోలు పెట్టవద్దు.

ఇంత ఖర్చు పెట్టలేనివారు బాధపడనక్కరలేదు. విడిగా మధ్య భాగం ఉన్న సౌండ్‌బారు ఒకటి టీవీ ముందు పెట్టినా మాట ఎదురుగా వస్తుంది. ఒక్కరికే ఇబ్బంది ఉంటే తీగ లేని హెడ్‌ఫోను చాలు. అయితే అది పెట్టుకుంటే పక్కవారి మాట వినబడదు. వినికిడి యంత్రాల్లో కొన్నిటికి టీవీ సౌండు నేరుగా చేరే ఏర్పాటు ఉంది, కొనేటప్పుడు అడగండి.

మన ప్రాంతంలోనే ఒక ఉదాహరణ ఉంది. మాచునూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ప్రారంభమైంది. ఊరి దళిత మహిళలే నడిపిన ఎఫ్.ఎం. కేంద్రం అది. వారి దగ్గర ఖరీదైన హంగులు లేవు. పంటల గురించి, విత్తనాల గురించి ఇంటి భాషలో మాట్లాడారు, చేనులో ఉన్నవారికి చేతి రేడియోలో అర్థమైంది. శబ్దం పని మాటను చేర్చడం అని వారికి తెలుసు. మనం కూడా డబ్బు పెట్టేటప్పుడు అదే గుర్తు పెట్టుకోవాలి.

ఈ సభలో ఉన్న కొడుకులకు, కోడళ్లకు, మనుమలకు ఒక మనవి. పండుగకు అమ్మానాన్నలకు ఏమైనా కొనాలనుకుంటే వారి చెవి పరీక్షకు ఒక పూట కేటాయించండి. తరువాత స్పీకర్లు మీరు బిగించండి, మెనూ మీరు సరిచేయండి, మధ్య స్పీకరు ఎంత పెంచాలో మాత్రం వారినే చెప్పనివ్వండి. సాధారణంగా మనం "చాలు, చాలు" అంటాం. అది నమ్మకండి, ఏం మాట విన్నారో తిరిగి చెప్పమనండి.

పెన్షనరు మిత్రులకు నేను చెప్పేది రెండే ముక్కలు. కొనే ముందు చెవి పరీక్ష, కొనేటప్పుడు మాట పరీక్ష. ఈ రెండూ చేసినవారికి ముందు వరుస మూడు స్పీకర్లు చాలును.